చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటర్: ఇద్దరు పిల్లల జ్వరాలు చూశాక

మా ఇంట్లో చంకలో పెట్టే మామూలు డిజిటల్ థర్మామీటర్ ఉంది, నుదుటి దగ్గర పట్టి చూసే గన్ కూడా ఉంది. ఏళ్ల తరబడి రెండూ వాడాక నా ఓటు మొదటిదానికే.

గన్‌తో సుఖం ఏమిటంటే నిద్రపోతున్న పిల్లని లేపక్కర్లేదు. కానీ నుదుటి మీద చెమట ఉన్నా, ఫ్యాన్ గాలి తగులుతున్నా అంకె మారిపోతుంది. వెంటవెంటనే చూస్తే ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తుంది. అర్ధరాత్రి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. చంకదానికి కాస్త ఓపిక కావాలి. చెమట తుడిచి, చొక్కా అడ్డం రాకుండా థర్మామీటర్ కొసను చర్మానికి ఆనించి, చెయ్యి ఒంటికి అదిమి పట్టుకోవాలి. మాది బీప్ కొట్టాక ఇంకో నిమిషం ఉంచితే అంకె కొంచెం పెరుగుతుంది. ఆ నిమిషం ఆగడం నాకు అలవాటైపోయింది.

లోపలి వేడి కన్నా చంకలో తక్కువే చూపిస్తుంది. సాధారణంగా 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి జ్వరం అంటారు. చంకలో 99 దాటితే నేను కనిపెట్టుకుని ఉంటాను. 3 నెలలు నిండని పసికందుకైతే పొద్దున్నే చూద్దాంలే అనుకోకూడదు, వెంటనే డాక్టర్‌కి చూపించాల్సిందే.

పిల్ల ఎలా ఉందో మాత్రం ఏ థర్మామీటరూ చెప్పదు. 103 ఉన్నా ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ, ఎప్పటిలా మూత్రం పోస్తుంటే కొంత ధైర్యంగా ఉండొచ్చు. 101కే మత్తుగా పడి ఉండి, పిలిచినా సరిగా పలకకపోతే ఆగకూడదు. జ్వరంలో ఒంటి వేడిని పెంచేది మెదడే. అందుకే జ్వరం ఎక్కేటప్పుడు చేతులు, కాళ్లు చల్లబడి వణుకు వస్తుంది. అప్పుడు చన్నీళ్లతో తుడిస్తే వణుకు ఇంకా ఎక్కువై పిల్ల అల్లాడిపోతుంది. పారాసిటమాల్ డోసు బరువును బట్టి ఉంటుంది: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకీ డోసుకీ మధ్య 4 నుంచి 6 గంటలు. చుక్కల మందు, సిరప్ ఒకే బలంతో ఉండవు, సీసా మీద చదివి తీరాలి. మందు వేశాక అంకె 98.6కి దిగిందా అని చూడను, పిల్ల తేలికపడితే చాలు.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అత్యవసరంగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వస్తువులో లోపాలు రెండు. తెరకి లైటు లేదు, చీకట్లో అంకె కనబడదు. బ్యాటరీ మూత వదులు. ఆ బటన్ బ్యాటరీ పిల్లలు మింగితే అన్నవాహిక కాలిపోతుంది. కొత్తగా కొనేవాళ్లు స్క్రూ బిగించే మూత ఉన్నదే తీసుకోండి.