స్పానిష్ గ్రామర్‌కి ఏది మేలు: ఇంగ్లీష్ దారా, తెలుగు దారా?

మనలో చాలామంది ఇంగ్లీష్ పుస్తకం పట్టుకునే స్పానిష్‌లోకి దిగుతాం. నేనూ అంతే. ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీష్‌లోకి మార్చుకుని, అప్పుడు అర్థం చేసుకునేదాన్ని. ‘గుస్తార్’ అనే క్రియ వచ్చాక ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది.

‘మే గుస్తా లా మూసికా’ అంటే నాకు సంగీతం నచ్చుతుంది. ఇంగ్లీష్ పుస్తకాలు దీన్ని తిరగేసిన వాక్యంగా చూపించి, ‘సంగీతం నన్ను సంతోషపెడుతుంది’ అని ఊహించుకోమంటాయి. మనకెందుకా తిప్పలు? మే అంటే నాకు, గుస్తా అంటే నచ్చుతుంది. పాటలు అనాల్సి వస్తే గుస్తా కాస్తా గుస్తాన్ అవుతుంది, మనం ‘నచ్చుతాయి’ అన్నట్టే. ‘మే దుయేలె లా కబేసా’ (నాకు తల నొప్పిగా ఉంది), ‘మే పరేసే’ (నాకు అనిపిస్తుంది) కూడా ఇదే అచ్చు.

ఇంకోటి చూడండి. ‘వేయో లా కాసా’ అంటే ఇల్లు చూస్తున్నాను. ‘వేయో ఆ మరియా’ అంటే మరియాను చూస్తున్నాను. మనిషి వచ్చేసరికి మధ్యలో ‘ఆ’ చేరింది. ఇంగ్లీష్‌లో దీనికి జోడీ లేదు కాబట్టి అటునుంచి వెళ్తే ఇదొక కొత్త రూల్, బట్టీ పట్టాలి. తెలుగులో ‘ఇల్లు చూశాను’ అంటాం గానీ ‘మరియా చూశాను’ అనం కదా. ఆ ‘ను’ ఎక్కడ తప్పనిసరో మన చెవికి ముందే తెలుసు.

అందరినీ టెన్షన్ పెట్టే సెర్, ఎస్తార్ అనే రెండు క్రియల సంగతీ అంతే. ఇంగ్లీష్‌లో రెంటికీ ‘బి’ (is, am, are) అనే ఒకటే క్రియ. తెలుగులో ‘ఆయన డాక్టర్’ అన్నప్పుడు క్రియే లేదు, అక్కడ స్పానిష్‌లో సెర్: ఎస్ మేదికో. ‘ఇంట్లో ఉన్నాడు’ అంటే ఎస్తార్: ఎస్తా ఎన్ కాసా. ‘ఆమె అందంగా ఉంటుంది’కి ఎస్ గ్వాపా, ‘ఇవాళ అందంగా ఉంది’కి ఎస్తా గ్వాపా. ఈ ఉంటుంది, ఉంది తేడా నాకు ఏ చార్టూ ఇవ్వనంత సాయం చేసింది. అయితే కళ్ళు మూసుకుని నమ్మకండి. ‘పువ్వు ఎర్రగా ఉంది’ అనేది మామూలుగా సెర్‌తోనే వస్తుంది. మీటింగ్ ఎక్కడ అని చెప్పాలన్నా సెరే; అక్కడ ‘ఉంది’ బదులు ‘జరుగుతుంది’ అనుకుంటే సరిపోతుంది.

భూతకాలంలో ఫుయీ అంటే వెళ్ళాను, ఇబా అంటే వెళ్ళేదాన్ని. ‘వెళ్తూ ఉన్నాను, ఇంతలో వాన మొదలైంది’ అనేటప్పుడు కూడా ఇబాయే.

ఇంగ్లీష్ గెలిచే చోట్లు లేకపోలేదు. ఎల్, లా, ఉన్, ఉనా లాంటి ఆర్టికల్స్ మనకు లేవు. ‘ఎన్ కాసా’లో ‘ఎన్’ ముందొస్తుంది, మన ‘ఇంట్లో’లో ‘లో’ వెనకొస్తుంది. కర్త, క్రియ, కర్మ వరస కూడా ఇంగ్లీష్‌కే దగ్గర. తెలుగులో ఆలోచించి నేరుగా రాసేస్తే క్రియ చివరికి జారిపోతుంది, నాకిప్పటికీ అప్పుడప్పుడు జారుతుంది.

బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అనే విషయంలో రెండు భాషలూ చేతులెత్తేస్తాయి. ఆబ్లో (మాట్లాడతాను), ఆబ్లాస్ (మాట్లాడతావు), ఆబ్లా (మాట్లాడతాడు, మాట్లాడుతుంది) అనే పట్టికా నోటికి రావాల్సిందే. ‘మాట్లాడతాను, మాట్లాడతావు’లో లాగా క్రియ చివరే మనిషిని చెబుతుందన్న సంగతి మనకు కొత్త కాదు, అంతవరకే. ‘ఆబ్లా’లో అతనో ఆమో తెలియదు, మన క్రియ అదీ చెబుతుంది.

అందుకని వివరణ ఇంగ్లీష్‌లోనే చదవండి, మంచి పుస్తకాలు అందులోనే ఎక్కువ. ఉదాహరణ వాక్యం కింద అర్థం మాత్రం తెలుగులో, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసుకోండి. రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు ‘మే’ కింద ‘నాకు’ తిన్నగా వచ్చి కూర్చుంటుంది.