ఎడారిలో కౌబాయ్ లాడ్జ్ బుక్ చేసేవాళ్ళూ, ఒక్క నిమిషం ఆగండి

కాలిఫోర్నియా ఎడారిలో జాషువా ట్రీ నేషనల్ పార్క్ వైపు కౌబాయ్ థీమ్ లాడ్జ్ ఫోటోలు చూసి మనసు పారేసుకున్నవాళ్ళు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో అత్తమామల్నో తీసుకెళ్దాం అనుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే కార్డ్ నంబర్ కొట్టండి. మేము సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి రెండు రాత్రులని వెళ్ళి, ఒక్క రాత్రి గడిపి, మర్నాడు మధ్యాహ్నానికల్లా సామాను సర్దుకుని బయటపడ్డాం. లాడ్జ్ పేరు ఇక్కడ పెట్టట్లేదు, డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డ్ కంపెనీలో పెట్టిన డిస్ప్యూట్ ఇంకా నడుస్తోంది. పేరు తెలియకపోయినా పర్లేదు, ఇదే టైపు లిస్టింగులు బోలెడున్నాయి, ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

అసలు ఈ ఐడియా మా మావయ్య గారిది. ఆయనది తెనాలి, కృష్ణ గారి బుర్రిపాలెం పక్కనే, కాబట్టి 1971లో వచ్చిన ఆ కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' అంటే ఆయనకి సినిమా కాదు, ఊరి పరువు. దిగిన మొదటి వారం నుంచీ "మన కృష్ణ ఎడారి కోసం రాజస్థాన్ దాకా వెళ్ళాడమ్మా, మీకు అసలు సిసలు ఎడారి రెండు గంటల దూరంలో ఉంది, ఆ షాపింగ్ మాళ్ళు ఎన్నిసార్లు తిప్పుతారు" అని ఒకటే పోరు. మేముండేది లాస్ ఏంజెలెస్ దగ్గర అర్వైన్‌లో, నిజంగానే రెండు గంటల పైచిలుకు డ్రైవ్. సరే అని వెతికితే ఇది దొరికింది, వరసగా చెక్క గదులు, ఒకదానికి బ్యాంక్ అని బోర్డు, ఒకదానికి షెరీఫ్ ఆఫీస్, ఒకదానికి జైలు, చివర సలూన్ (క్షౌరశాల కాదు, కౌబాయ్ సినిమాల్లో ఉండే బార్), ముందు ఒక పాత బండి చక్రం, వెనక సూర్యాస్తమయం. రెండు గదులు, రాత్రికి గదికి 265 డాలర్లు, క్లీనింగ్ ఫీజూ టాక్సూ కలిపితే 1,300 దాటింది. మా ఆయన "ఆ డబ్బుకి సాన్ డియాగోలో బీచ్ పక్కన ఉండొచ్చు" అన్నాడు, నేనే వినలేదు, ఆ తప్పు నాదే, ఇప్పటికీ ఇంట్లో నెలకోసారి గుర్తు చేస్తుంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఆ లిస్టింగులో అబద్ధం ఒక్కటి కూడా లేదు, అదే చిక్కు. "పాతకాలపు బాత్‌హౌస్" అని రాసుంది, నేను అది బాత్రూమ్‌కి పెట్టిన స్టైల్ పేరు అనుకున్నా, ఫోటోలో కాళ్ళున్న ఇత్తడి రంగు టబ్ కూడా ఉంది మరి. తీరా చూస్తే గదుల్లో బాత్రూమే లేదు, బయట అరవై డెబ్భై అడుగులు వేస్తే అందరికీ కలిపి ఒక షెడ్డు, అదీ బాత్‌హౌస్. "ఎయిర్ కూల్డ్" అని రాసుంది, నేను ఏసీ అనే చదువుకున్నా. "రస్టిక్" అని నాలుగుసార్లు రాసుంది, ఆ మాటకి అర్థం నాకిప్పుడు బాగా తెలుసు, ఏది అడిగినా లేదు అని.

కూలర్ గురించి కొంచెం చెప్పాలి, మనవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. అక్కడ స్వాంప్ కూలర్ అంటారు, మనూళ్ళో గడ్డి పెట్టి నీళ్ళు పోసే కూలర్ ఉండేది కదా, అదే. గాలి పొడిగా ఉంటే నీరు ఆవిరై చల్లగా వస్తుంది, నిజంగా బాగానే పనిచేస్తుంది. కానీ జులై నుంచి సెప్టెంబర్ దాకా ఆ ఎడారికి కూడా మాన్సూన్ ఉంటుంది, మెక్సికో వైపు నుంచి తేమ ఎక్కి వస్తుంది, ఆ రోజుల్లో కూలర్ వేస్తే మే నెల విజయవాడలో తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నట్టే. మేము వెళ్ళిన రోజు బయట 105 ఫారన్‌హీట్, అంటే నలభై సెల్సియస్ పైనే, పైన మబ్బు పట్టి ఉంది, రాత్రి పదింటికి గదిలో 92 చూపిస్తోంది. మావయ్య గారు చొక్కా తీసేసి "రెంటచింతలకి వీసా తీసుకుని వచ్చినట్టుందమ్మా" అన్నారు.

ఇక్కడే నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే ఆయనకి షుగర్, ఇన్సులిన్ వాడతారు, గదిలో ఫ్రిజ్ లేదు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ మామూలుగా రూమ్ టెంపరేచర్‌లో కొన్ని వారాలు ఉంచొచ్చు గానీ ఆ రూమ్ టెంపరేచర్ అంటే 86 ఫారన్‌హీట్ దాటకూడదని డబ్బా మీదే ఉంటుంది. ఆఫీసులో ఐస్ అడిగితే బస్తా ఆరు డాలర్లు, సరే అని కొని, ఐస్ నేరుగా తగిలితే గడ్డకట్టి పాడవుతుందని టవల్లో చుట్టి పిల్లాడి లంచ్ బ్యాగ్‌లో పెట్టి రాత్రంతా దానికి కాపలా. మందులు వాడే పెద్దవాళ్ళు ఉంటే "ఫ్రిజ్ గదిలోనే ఉందా" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

రాత్రి బాత్‌హౌస్ యాత్ర సంగతి సరేసరి. షుగర్ ఉన్న మనిషి రాత్రికి మూడుసార్లు లేస్తారు కదా, లేచినప్పుడల్లా మా ఆయన ఫోన్ టార్చ్ పట్టుకుని ముందు, ఆయన వెనక. ఆఫీసు గోడ మీద కాగితం అంటించి ఉంది, చెప్పులు దులిపి తొడుక్కోండి, తేళ్ళు ఉంటాయి, చీకట్లో కాలు పెట్టేచోట లైట్ వేసి చూడండి, రాటిల్ స్నేక్స్ అనే విషపాములు వేసవిలో రాత్రిళ్ళే తిరుగుతాయి అని. మంచిదే, నిజమే, కానీ ఆ ముక్క డబ్బులు కట్టాక గోడ మీద కాదు, కట్టకముందు లిస్టింగులో ఉండాలి. అత్తయ్య గారు ఇంక రాత్రంతా మంచినీళ్ళే తాగలేదు, ఆ వేడిలో. అర్ధరాత్రి దాటాక దూరంగా ధన్ ధన్ మని శబ్దాలు, కిటికీ అద్దాలు అదిరాయి, ఆవిడ వర్షం అనుకున్నారు. ట్వంటీ నైన్ పామ్స్ దగ్గర పెద్ద మెరైన్ బేస్ ఉంది, వాళ్ళ ప్రాక్టీస్. మావయ్య గారు మాత్రం చీకట్లోంచి "షూటింగ్ ఇంకా అవలేదేమో" అన్నారు. ఆ ఒక్కసారి అందరం నవ్వాం.

రెండోరోజు పదకొండింటికి కుళాయిలో నీళ్ళు సన్నగా వచ్చి ఆగిపోయాయి. అక్కడ చాలా చోట్ల పైపులైను ఉండదు, ట్యాంకర్‌తో తెచ్చి పెద్ద ట్యాంకుల్లో నింపుకుంటారు. లాంగ్ వీకెండ్, అన్ని గదులూ ఫుల్, ఎవరూ ముందే నింపించుకోలేదు. పైగా కూలర్లు తాగేదీ ఆ ట్యాంకు నీళ్ళే, అంటే ఎంత వేడిగా ఉంటే కూలర్లు అంత లాగేస్తాయి, అంత త్వరగా స్నానానికి లేకుండా పోతాయి, ట్యాంక్ అయిపోయాక కూలర్ కూడా ఉత్త ఫ్యానే. అత్తయ్య గారు తలకి షాంపూ పెట్టుకుని ఉన్నారు అప్పుడు. మేము కార్లో తెచ్చుకున్న తాగే నీళ్ళ బాటిళ్ళతో కడిగాం, నాలుగు పట్టాయి. ట్యాంకర్ ఎప్పుడొస్తుంది అంటే "హాలిడే కదా, రేపు" అన్నాడు ఆఫీసులో కుర్రాడు, పాపం వాడి తప్పేం లేదు, ఓనర్ ఊళ్ళోనే ఉండడట.

తిండి సంగతి ఎక్కువ చెప్పను. ఫోటోలో ఉన్న సలూన్ శుక్ర, శనివారాలే తెరుస్తారు, మేము వెళ్ళింది ఆది, సోమ. ఉన్నదంతా సోలార్ కరెంటు, రైస్ కుక్కర్ పెడితే ట్రిప్పయి మొత్తం వరస చీకటి, పక్క గదివాళ్ళు తలుపు తీసుకుని వచ్చి మరీ చూశారు మావైపు. ఇంటినుంచి తెచ్చిన పులిహోర లేకపోతే ఏమయ్యేదో.

రోడ్డు మాత్రం కచ్చితంగా చెప్పాలి, ఇది డబ్బు విషయం. హైవే 62 దిగాక చివరి ఐదు మైళ్ళు మట్టి రోడ్డు, గట్లు గట్లుగా, మధ్యమధ్య మెత్తటి ఇసుక. అయిదుగురం కాబట్టి మినీవ్యాన్ రెంట్‌కి తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు ఎదురు బండికి దారి ఇద్దామని పక్కకి తీస్తే ఇసుకలో కూరుకుపోయింది, ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు. ఎక్సిలరేటర్ తొక్కితే ఇంకా లోపలికి దిగుతుంది, తొక్కకండి. ఫ్లోర్ మ్యాట్లు చక్రాల కింద పెట్టి చూశాం, టైర్లలో గాలి కొంచెం తీశాం, గంట పైనే అవస్థ, చివరికి ఒక పెద్దాయన పికప్ ట్రక్కులో వచ్చి తాడు కట్టి లాగాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, పులిహోర డబ్బా ఇస్తే తీసుకున్నాడు. ఇంటికొచ్చాక రెంటల్ కాగితాలు చదివితే మట్టి రోడ్ల మీద తోలితే డ్యామేజ్ మాదే అని ఉంది, చాలా కంపెనీల కాగితాల్లో ఇదే ముక్క ఉంటుంది. ఐఫోన్ 14, ఆ తర్వాతవాటిలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చని నాకు తెలుసు, ఆ కంగారులో గుర్తుకే రాలేదు. మ్యాప్ మాత్రం బయల్దేరే ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి, నేషనల్ పార్క్ లోపలా చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, పెట్రోల్ బంకూ ఉండదు.

మరి రివ్యూలు చూడలేదా అంటారు. చూశాను, 4.8 ఉంది. కానీ ఇప్పుడు కూర్చుని తేదీలు చూస్తే అర్థమైంది, మంచి రివ్యూలన్నీ నవంబర్ నుంచి మార్చ్ లోపలివి. చలికాలంలో ఏసీ ఉంటే ఎంత, కూలర్ ఉంటే ఎంత, నీళ్ళూ తక్కువే పడతాయి, జంటలుగా వెళ్ళి మంట దగ్గర కూర్చుని నక్షత్రాలు చూసి ఐదు స్టార్లు కొట్టారు. జులై, ఆగస్టువి మొత్తం మూడే ఉన్నాయి, అందులో రెండు "మేము ముందే వచ్చేశాం" అని. మీరు వెళ్ళే నెల రివ్యూలు మాత్రమే చదవండి, మూడు స్టార్లవి ముందు చదవండి.

డబ్బు సంగతి. చెక్ ఇన్‌లో "రాంచ్ ఫీ" అని గదికి రాత్రికి 40 చొప్పున 160 డాలర్లు అదనంగా గీకారు, బుకింగ్ పేజీలో అది ఎక్కడా లేదు. 2025 మే నుంచి ఫెడరల్ రూల్ ఉంది, హోటళ్ళు గానీ షార్ట్ టర్మ్ రెంటళ్ళు గానీ తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తమే ముందు చూపించాలి. కాలిఫోర్నియాలో ఇంకొకటి, చెక్ ఇన్‌కి 72 గంటలో ఇంకా ముందో బుక్ చేస్తే, కన్ఫర్మ్ అయిన 24 గంటల్లోపు పెనాల్టీ లేకుండా క్యాన్సిల్ చేసుకునే హక్కు 2024 జులై నుంచి ఉంది. కాబట్టి బుక్ చేసిన రాత్రే కూర్చుని అడగాల్సినవన్నీ మెసేజ్‌లో అడిగేయండి: గదిలో బాత్రూమ్ ఉందా, ఏసీనా కూలరా, నీళ్ళు పైపువా ట్యాంకువా, ఫ్రిజ్, చివరి మైళ్ళ రోడ్డు. ఫోన్‌లో కాదు, యాప్ మెసేజ్‌లోనే. మేము ఫోన్‌లో అడిగితే "అన్నీ ఉన్నాయండీ" అన్నారు, ఇప్పుడు ఆ మాటకి సాక్ష్యం ఎక్కడిది.

రిఫండ్ అడిగితే ఓనర్ జవాబు "ఇది రస్టిక్ ఎక్స్‌పీరియన్స్, మీకు సరిపడలేదు" అని. థర్మామీటర్ ఫోటో, ఎండిన కుళాయి వీడియో, లిస్టింగ్ స్క్రీన్‌షాట్లు పెట్టి కార్డ్ కంపెనీకి రాశాం, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, గుర్తుంచుకోండి. ఐదు వారాలకి రాంచ్ ఫీ 160 వెనక్కి వచ్చింది, రెండో రాత్రి డబ్బు ఇంకా తేలలేదు.

ఎడారి బాగోలేదని మాత్రం అనను. మబ్బు విడిపోయాక తెల్లవారుజామున పాలపుంత కనిపించింది, మా ఆరేళ్ళవాడు మొదటిసారి చూశాడు. జైలు గది కమ్మీల వెనక నిలబడి మావయ్య గారు తీయించుకున్న ఫోటో తెనాలిలో ఎంతమందికి చేరిందో లెక్కలేదు. సోమవారం సాయంత్రం యక్కా వ్యాలీ ఊళ్ళో మామూలు మోటెల్‌లో, ఏసీ గదిలో, అందులో సగం డబ్బుకే పడుకున్నాం, మర్నాడు పొద్దున్నే పయనీర్‌టౌన్ చూపించాం. అక్కడికి నాలుగే మైళ్ళు, తారు రోడ్డు. 1946లో కౌబాయ్ సినిమాల కోసమే కట్టిన సెట్టు ఊరది, రాయ్ రోజర్స్ లాంటి కౌబాయ్ సినిమా నటులు డబ్బు పెట్టారు, వీధి పేరు కూడా గుర్రం జూలు అనే అర్థం వచ్చే స్పెల్లింగుతో మేన్ స్ట్రీట్. నడవడానికి టికెట్ లేదు. ఆయన గంటన్నర తిరిగారు, ప్రతి చెక్క గుమ్మం తట్టి చూశారు. థీమ్ కావాలంటే పగలు అలా చూసి, రాత్రికి ఊళ్ళో పడుకోండి.

నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్‌కి ఇలాంటిది ఆల్రెడీ బుక్ చేసుకున్నవాళ్ళకి ఒక్కటి చెప్పాలి. అప్పుడు వేడి ఉండదు, రాత్రిళ్ళు గడ్డకట్టే చలికి దగ్గరగా వెళ్తుంది, గదిలో ప్రొపేన్ హీటర్ వేస్తారు. ప్రొపేన్ హీటర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి, హీటర్ సరిగ్గా మండకపోతే వచ్చే ఆ కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. ఇరవై ముప్ఫై డాలర్లకి బ్యాటరీది దొరుకుతుంది, ఒకటి కొని సూట్‌కేసులో పడేసుకోండి. మా "బ్యాంక్" గదిలో హీటర్ పైన గోడకి అలారం పెట్టే తెల్ల ప్లాస్టిక్ చక్రం ఉంది, దానికి తగిలించాల్సిన అలారం మాత్రం లేదు. ఆ ఫోటో కూడా తీసి కంప్లైంట్‌లో పెట్టాను.