పాంపేయి వీధులు కొలవడానికి నాన్నతో మూడు రోజులు

ఇటలీలో శిథిలాలుగా మిగిలిన పాత రోమన్ పట్నం పాంపేయి వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. శిథిలాల గేటు పక్కన గది తీసుకోకండి. నేపుల్స్‌లో ఉండి పొద్దున్నే లోకల్ రైలెక్కండి. మేం అలా చేయక రెండు రాత్రులు చలికి వణికాం, పైగా 40 యూరోలు పోగొట్టుకున్నాం.

అసలు వెళ్లిన పని వేరు. నేను 28 మిల్లీమీటర్ల మినియేచర్ బొమ్మలతో బల్ల మీద యుద్ధం ఆటలు ఆడతాను. రోమన్ పట్నం సందుల్లో రెండు ముఠాలు కొట్టుకునే ఆట కోసం ఏడాదిగా ఒక వీధి కడుతున్నాను. ఎక్స్‌పీఎస్ ఫోమ్‌తో, అంటే గట్టి థర్మోకోల్ లాంటి పలకతో గోడలు, అట్టముక్కలతో పెంకులు. ఎన్నిసార్లు రంగు మార్చినా అది సినిమా సెట్టింగులాగే ఉంది, మనుషులు తిరిగిన వీధిలా లేదు. అసలుది చూస్తే గానీ లాభం లేదనిపించింది. అప్పుడే నాన్న మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చి ఉన్నారు. తెనాలిలో 35 ఏళ్లు తాపీపని చేసిన మనిషి. "పడిపోయిన గోడలు చూడ్డానికి విమానం ఎందుకురా" అంటూనే బయల్దేరారు. 2024 ఫిబ్రవరిలో ఇద్దరికీ రానూపోనూ టికెట్లు 214 యూరోలు అయ్యాయి.

గది రాత్రికి 68 యూరోలు. విమానం ఆలస్యమవుతోందని ముందే మెసేజ్ పెట్టాను, ఏం ఫర్వాలేదని జవాబు కూడా వచ్చింది. తీరా రాత్రి తొమ్మిదిన్నరకు చేరితే, తలుపు తీసినాయన లోపలికి రానివ్వకుండా "ఎనిమిది దాటింది, 30 యూరోలు కట్టాలి, క్యాష్ మాత్రమే" అన్నాడు. బుకింగ్‌లో ఆ ఊసే లేదు. మెసేజ్ చూపిస్తే, అది పంపింది తాను కాదు, వేరే మనిషి అన్నాడు. సూట్‌కేసు పట్టుకుని నాన్న వీధిలో నిలబడి ఉన్నారు, చినుకులు మొదలయ్యాయి. కట్టేశాను. లోపల హీటర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. దానికి రోజుకు ఇంకో 5 యూరోలట. అదీ ఇచ్చాను. రెండు రాత్రులూ అది గోరువెచ్చన దాటలేదు. నాన్న స్వెటర్, మంకీ క్యాప్‌తోనే పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. ఆయనకు కోపమొస్తే మాట్లాడరు, నాకు అదే ఎక్కువ బాధ. రసీదు అడిగితే రేపు అన్నాడు, ఆ రేపు రాలేదు. నగదు అడిగిన చోట రసీదు చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి.

మర్నాడు స్టేషన్ బయట ఇన్‌ఫర్మేషన్ అని బోర్డు పెట్టిన బల్ల దగ్గర తలా 35 యూరోలకు గ్రూప్ టూర్ అంటగట్టబోయారు. "ముందు గేటు చూసొద్దాం పద" అని నాన్న చెయ్యి పట్టుకుని లాగారు. నాలుగడుగుల్లో అసలు కౌంటర్ ఉంది, మామూలు టికెట్ అప్పట్లో 18 యూరోలు. చలికాలంలో సాయంత్రం ఐదుకే మూసేస్తారు, మూడున్నర దాటితే లోపలికి పంపరు. తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి.

వయా దెల్ అబ్బొందాంజా అనే పెద్ద వీధిలో అడుగుపెట్టగానే నా తప్పు తెలిసిపోయింది. నేను రోడ్డు మీద రాళ్లను నలుచదరంగా కోశాను. ఇక్కడున్నవి నల్లటి లావా బండలు, ఒకదానికీ ఇంకోదానికీ ఆకారంలో పోలిక లేదు, అయినా అంచులు అతికినట్టు కూర్చున్నాయి. రోడ్డు దాటడానికి మధ్యమధ్యలో ఎత్తు రాళ్లు, వాటి సందుల్లోంచి బండి చక్రాలు పోయిన గాడులు. నాన్న వంగి ఒక గాడిలో చెయ్యి పెట్టారు. బెత్తెడు లోతు. "ఇంత అరగాలంటే ఎన్ని బళ్లు తిరగాలిరా" అన్నారు. అప్పటిదాకా చలికి ముడుచుకుపోయిన ముఖం అక్కడ విప్పారింది. పక్క సందులు కొన్ని చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. నా బొమ్మల లెక్కలో చెప్పాలంటే మూడు సెంటీమీటర్లు. నేను కట్టిన సందు పన్నెండు! ఆటలో చెయ్యి పట్టాలి కాబట్టి పెద్దవీధి అలాగే ఉంచి, సందులు మాత్రం ఐదుకు తగ్గించాలని అక్కడే రాసుకున్నాను.

కొట్ల గడపలు తప్పకుండా చూడండి. రాతి గడప పొడవునా గాడి, చివర ఒక తలుపు పట్టేంత ఖాళీ. ఆ గాడిలో చెక్క పలకలు ఒకదాని పక్కన ఒకటి దించి కొట్టు మూసేవారు. తెనాలి పాత కిరాణా కొట్లకు నంబర్లు వేసిన పలకల తలుపులుండేవి, నాన్న చేతులతో బిగించినవే ఎన్నో. ఆ గడప దగ్గర పావుగంట కూర్చున్నారు. గోడల్లో ఒకచోట రాయి, ఒకచోట ఇటుక అతుకులున్నాయి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలి పూడిపోవడానికి ముందు, 62లో వచ్చిన భూకంపానికి దెబ్బతిన్న ఊరు అది, పేలే నాటికి రిపేర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇంత పెద్ద ఊరు ఒక్కరోజులో అవ్వదు, సగం వదిలేశాం.

అయినా ఒక్క చోటికే టైముంటే నేను చెప్పేది హెర్క్యులేనియం, అదే పేలుడులో పూడిపోయిన ఇంకో రోమన్ ఊరు. చిన్నది, టికెట్ తక్కువ, జనం తక్కువ. పాంపేయిలో పై అంతస్తులు దాదాపు పోయాయి. ఇక్కడ బొగ్గుగా మారిన దూలాలు, తలుపులు, వీధి మీదకు పొడుచుకొచ్చిన బాల్కనీలు ఇంకా ఉన్నాయి. కాసా ఎ గ్రతీచ్చో అనే ఇల్లు ముందు నాన్న ఆగిపోయారు. కర్ర చట్రం కట్టి మధ్యలో రాళ్లు, సున్నం కూరిన గోడలు. "చవక పనిరా ఇది. నిప్పు పడితే ఇంక అంతే" అన్నారు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కూడా ఈ పద్ధతి అంటుకుంటే కాగడాయేననీ, అసలు కనిపెట్టకుండా ఉండాల్సిందనీ రాశాడు. ఆ మాట చెబితే నాన్న ముఖంలో సంతోషం చూడాలి! నేను అన్ని ఇళ్లనూ ఒకే రకం గోడలతో కట్టాను. అద్దెకిచ్చే పేదవాటాలకు ఈ కర్ర గోడే పెట్టాలి.

ఆ రాత్రి నేపుల్స్‌లో 74 యూరోల గది, వెచ్చగా, శుభ్రంగా, ఏ గొడవా లేదు. కింద వీధిలో మరినారా పిజ్జా 5 యూరోలు. చీజ్ ఉండదు. టమాటా, వెల్లుల్లి, నూనె, ఒరెగానో, అంతే. నాన్న సంచిలోంచి కారప్పొడి డబ్బా తీశారు. రెండు ముక్కలయ్యాక డబ్బా మూతపెట్టి పక్కన పెట్టేశారు. మ్యూనిక్‌లో రెండు నెలలుగా బయటి తిండి ఏదీ ముట్టని మనిషి మొత్తం పిజ్జా తిన్నారు.

బుధవారం పురావస్తు మ్యూజియం. మంగళవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. అందరూ మొజాయిక్‌ల కోసం వెళ్తారు. నాలాగా ఆటబల్ల మీద వీధులు, ఇళ్లు కట్టేవాళ్లు వెతుక్కోవాల్సింది పాంపేయి నమూనాను. 1861 నుంచి 1879 దాకా, అప్పటికి తవ్విన ఊరినంతా 1:100 కొలతలో కార్క్, చెక్క, ప్లాస్టర్, కాగితంతో కట్టారు. గోడల మీది బొమ్మలు కూడా గోరంత గదుల్లో వేసి పెట్టారు. అసలు గోడల మీద ఇప్పుడు చెరిగిపోయినవి కొన్ని ఆ నమూనాలోనే మిగిలాయి. "సీసా బిరడా చెక్కతో ఊరు కట్టారా!" అని నాన్న అంచు పట్టుకుని వంగి, ఒక్కో సందూ వేలితో గాల్లో గీస్తూ తిరిగారు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. నూట అరవై ఏళ్ల కిందట నాలాగే గోడ మందం దగ్గర, కిటికీ సైజు దగ్గర కుస్తీ పట్టిన మనుషుల చేతిపని అది. గంటన్నర ఉన్నాం.

ఇంటికొచ్చాక మూడు మిల్లీమీటర్ల కార్క్ షీట్ కొన్నాను. ఫోమ్ కంటే రాయిలా కనిపిస్తుంది, విరిచిన అంచుకు రంగు అద్దితే చాలు. గదివాళ్ల మీద బుకింగ్ సైట్‌లో ఫిర్యాదు పెట్టి మూడు వారాలైంది, ఆ 40 యూరోలు రాలేదు. నాన్న రోజూ కళ్లజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటున్నారు. నేను పేర్చిన ఇటుకల్లో నిలువు జాయింట్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయని ఒక గోడంతా పీకించారు. నిన్న ఇంకో ఇల్లు పైకెత్తి చూసి, "కిటికీ మీద లింటల్ ఏదిరా?" అన్నారు. కిటికీ మీద ఆ అడ్డదూలానికి అగ్గిపుల్లలు సరిగ్గా సరిపోతున్నాయి. ఇంకా పదకొండు కిటికీలున్నాయి.