అమ్మ షుగర్ మీటరు, పండు చెవి: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

ఇది మనుషుల కోసం చేసిన షుగర్ మీటరు. అమ్మ కోసం కొన్నాం. 2023 జనవరిలో మా పిల్లి పండుకు మధుమేహం ఉందని తేలింది. అప్పటికి వాడి వయసు పన్నెండేళ్లు. అమ్మ తన మీటరు వాడికి ఇచ్చేసి, తనకు ఇంకొకటి తెప్పించుకుంది. అప్పటినుంచి పొద్దునా సాయంత్రమూ ఇన్సులిన్ ఇచ్చే ముందు పండు చెవి నుంచి చుక్క రక్తం తీసి చూస్తున్నాను. ఇంట్లోనే పరీక్ష చేయగలగడం వల్లనే వాడు ఇన్నాళ్లు ఉన్నాడని నా నమ్మకం. నేను బాగా భయపడిన రాత్రికి కారణం కూడా ఈ మీటరే.

ముందు మంచి సంగతి. పిల్లి చెవి అంచున సన్నటి సిర ఒకటి పారుతుంది. పండు చెవిని ట్యూబులైటు వైపు తిప్పితే అది ఆకు ఈనెలా కనిపిస్తుంది. గుప్పెడు బియ్యం మేజోడులో పోసి ముడివేసి, పెనం మీద వెచ్చచేసి, అర నిమిషం చెవికి ఆనిస్తే రక్తం అక్కడికి చేరుతుంది. చెవి వెనక దూది పెట్టి, సిరకూ అంచుకూ మధ్య ఒక్క పోటు. ఆవగింజంత చుక్క చాలు, స్ట్రిప్పు దానంతటదే పీల్చుకుంటుంది. మొదటి వారం మూడు పోట్లు పొడిస్తే ఒకటి ఫలించేది. రెండో నెలకల్లా మీటరు చప్పుడు వినగానే పండే వచ్చి ఒళ్లో కూర్చునేవాడు. పని అయ్యాక ఉడికించిన కోడిమాంసం పీచు దొరుకుతుందని వాడికి తెలుసు.

ఆసుపత్రి బల్ల మీద 380 చూపిన షుగర్ అదే సాయంత్రం ఇంట్లో 214. భయానికి పిల్లుల్లో షుగర్ అలా ఎగబాకుతుంది. ఆ 380ని నమ్మి మోతాదు పెంచి ఉంటే ఏమయ్యేదో! 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నై పెరంబూరులో మా వీధి నీళ్లలో ఉండి, మూడు రోజులు కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచాం. ఫోను వెలుగులో పరీక్ష చేశాను. మీటరు ఒక్క పూట కూడా మొరాయించలేదు.

మీటరు సంగతి కాకపోయినా ఇక్కడే ఒకటి చెప్పాలి. పండుకు ఇచ్చే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లది. మందుల దుకాణంలో ఇన్సులిన్ సిరంజి అనగానే 40 యూనిట్ల రకం, ఎర్ర మూతది, చేతిలో పెట్టేవారు. అందులో ఒక గీత వరకు ఈ మందు తీస్తే లోపలికి పోయేది రెండున్నర యూనిట్లు. మూత రంగు చూడందే డబ్బు ఇవ్వకండి.

ఇక మీటరుకు వస్తే, మనుషుల మీటరు పిల్లి రక్తంలో షుగర్‌ను కాస్త తక్కువ చేసి చూపుతుందని డాక్టరుగారు మొదట్లోనే చెప్పారు. మనిషి రక్తంలో గ్లూకోజు ప్లాస్మాలోనూ, అంటే రక్తంలోని ద్రవంలోనూ, ఎర్రకణాల్లోనూ పంచుకుని ఉంటుంది. పిల్లి రక్తంలో దాదాపు అంతా ప్లాస్మాలోనే. మీటరు మాత్రం మనిషి లెక్కే వేస్తుంది. తక్కువ చూపితే మంచిదేగా, ఇన్సులిన్ ఎక్కువ పడే ప్రమాదం లేదు అని ఏడాదిన్నర నిశ్చింతగా ఉన్నాను.

2024 ఆగస్టులో పండు రక్తంలో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, 3.1కి చేరింది. మూత్రపిండాల జబ్బు మూడో దశ అన్నారు. షుగర్‌కు మాంసకృత్తులు దండిగా, పిండిపదార్థాలు తక్కువగా ఉండాలి. మూత్రపిండాలకు ఫాస్ఫరస్ తగ్గాలి, మాంసం పెరిగితే అదీ పెరుగుతుంది. వాడు ఏది తింటే అదే మేలని చివరికి తేల్చుకున్నాం. రోజు విడిచి రోజు 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం మెడ వెనక చర్మం కింద ఎక్కించడం నేర్చుకున్నాను.

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి. ఏడింటికి 212 చూపితే ఎప్పటిలాగే ఒకటిన్నర యూనిట్లు ఇచ్చాను. పదకొండున్నరకు అమ్మ లేపింది. "వీడి నడక తేడాగా ఉందే, వచ్చి చూడు." వంటింటి గడప దగ్గర పండు వెనక కాళ్లు పక్కకు జారిపోతున్నాయి. గడప దాటలేక దాని మీదే గడ్డం ఆనించి పడుకున్నాడు. మీటరు పెట్టాను. 78. పిల్లికి అది భయపడే అంకె కాదు, పైగా నా మీటరు తక్కువే చూపుతుంది కదా! కాళ్ల నొప్పులేమో అనుకున్నాను. మళ్లీ పరీక్షించాను, 81. అలా నలభై నిమిషాలు పోగొట్టాను. ఫోను చేస్తే డాక్టరుగారు ఒకటే అన్నారు: "అంకెను కాదమ్మా, పిల్లిని చూడండి. చిగుళ్లకు తేనె రాసి వెంటనే తీసుకురండి."

తేనె రాసి తెచ్చినా అక్కడి యంత్రం 49 చూపింది. అదే రక్తం మా మీటరులో 83. హెమటోక్రిట్ 16, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు నూటికి అంతే. ఎర్రకణాలు తయారు చేయమని ఎముక మూలుగకు చెప్పే హార్మోను మూత్రపిండాల నుంచే రావాలి, అవి చెడితే రక్తం పలచబడుతుంది. పలచని రక్తంలో ఎర్రకణాల అడ్డు తగ్గి, స్ట్రిప్పుకు ప్లాస్మా ఎక్కువగా అందుతుంది, అంకె పెరుగుతుంది. అటు పాడైన మూత్రపిండాలు ఇన్సులిన్‌ను త్వరగా వదిలించుకోలేవు కాబట్టి మోతాదు ఎక్కువసేపు పనిచేస్తుంది. ఏడాదిన్నర తక్కువ చూపిన మీటరు ఎప్పటినుంచి ఎక్కువ చూపుతోందో నాకు తెలియనే తెలియదు.

తెల్లవారి, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు ద్రవం) ఎక్కించుకున్న పండు నిద్రపోతుంటే, స్ట్రిప్పుల డబ్బాలోని మడత కాగితం మొదటిసారి విప్పాను. హెమటోక్రిట్ 20 నుంచి 60 మధ్య ఉంటేనే ఫలితం నమ్మదగినదని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అలాంటి కాగితాలు ఎన్ని చెత్తబుట్టలో వేశానో! మూత్రపిండాల జబ్బు బయటపడిన రోజే ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదన్న బాధ ఇంకా పోలేదు.

ఇప్పుడు మోతాదు అర యూనిట్‌కు దించాం. రక్తం పెరగడానికి డార్బెపొయెటిన్ ఇంజెక్షన్లు ఇస్తున్నాం, హెమటోక్రిట్ 25కు వచ్చింది. నెలకోసారి వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీటరు కూడా సంచిలో పెట్టుకుంటాను. అక్కడ తీసిన రక్తంలోనే ఒక చుక్క మా స్ట్రిప్పుకు పెట్టి రెండు అంకెలూ రాసుకుంటాను. చర్మానికి అంటించే సెన్సరుకు ఈ ఎర్రకణాల చిక్కు లేదని అదీ ప్రయత్నించాం. పద్నాలుగు రోజులు ఉండాల్సినది, నాలుగో రోజే పండు గోకి పీకేశాడు.

పిల్లికి షుగర్ ఒక్కటే ఉంటే ఈ మీటరు నిశ్చింతగా కొనుక్కోమంటాను. మూత్రపిండాలు కూడా చెడితే ముందు హెమటోక్రిట్ ఎంతో అడిగి, ఆ తర్వాతే అంకెను చూడండి. అది కూడా మా ఇంట్లో అమ్మ రోజంతా ఉంటుంది కాబట్టి, వాడి నడకలో తేడా ఆమె కంటికి మీటరు కన్నా ముందే ఆనుతుంది కాబట్టి అంటున్నాను. పొద్దున తాళం వేసి సాయంత్రం తలుపు తీసే ఇంటికి ఇదే మాట చెప్పలేను.