వార్సాలో స్కౌట్ పిల్లల జాడలు: టూర్‌కి డబ్బు దండగ, 180 నంబరు బస్సు చాలు

పోలండ్ రాజధాని వార్సా వెళ్లేవాళ్లు ‘యుద్ధకాలపు నగరం’ అంటూ అమ్మే వాకింగ్ టూర్లకి తొందరపడి డబ్బు కట్టకండి. మనిషికి 120 జ్లోటీలు (అక్కడి డబ్బు), ముగ్గురికి 360. మన లెక్కలో ఎనిమిది వేల రూపాయల పైనే.

మా అబ్బాయి స్కూల్లో స్కౌట్, వాడి కోసమే కట్టాం. పాత ఊరి గోడ దగ్గర, పెద్దవాళ్ల హెల్మెట్ కళ్ల మీదకి జారిన చిన్న పిల్లాడి విగ్రహం ఉంది. 1944లో జర్మన్ల మీద వార్సా తిరగబడినప్పుడు అందులో పాల్గొన్న పిల్లల గుర్తుగా స్కౌట్లు చందాలు పోగేసి 1983లో పెట్టించారు. గైడ్ ‘ఫొటోలు తీసుకోండి’ అని ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. మావాడు ఏదో అడగబోతే టైమ్ లేదన్నాడు. వాడి మొహం చిన్నబోయింది. మా ఆయన ఆ తర్వాత నోరు విప్పలేదు.

వాడికి కావాల్సింది ఆ తిరుగుబాటు మ్యూజియంలో దొరికింది. 1939లో జర్మన్లు ఆక్రమించగానే స్కౌట్లు ‘షారె షెరెగి’ పేరుతో రహస్యంగా పనిచేశారు. 12–14 ఏళ్లవాళ్లని పోరాటానికి పంపకూడదన్నది వాళ్ల నియమం. 1944 ఆగస్టు తిరుగుబాటులో స్కౌట్ పిల్లలు కాల్పుల మధ్యే ఉత్తరాలు మోశారు. ఉత్తరం 25 మాటలు దాటకూడదు, పైసా కట్టక్కర్లేదు. మావాడు అక్కణ్ణుంచి కదలనన్నాడు.

మర్నాడు 4.40 జ్లోటీల టికెట్‌తో 180 బస్సెక్కి పొవోన్‌స్కి సైనిక శ్మశానానికి వెళ్లాం. ప్రవేశం ఉచితం. స్కౌట్లతో ఏర్పడి తిరుగుబాటులో పోరాడిన ‘జోష్కా’ దళం సమాధుల మీద వరసగా బర్చ్ కర్ర శిలువలు. 1943 మార్చి 26న తోటి స్కౌట్లు ఖైదీల బండి మీద దాడి చేసి ‘రూడీ’ అనే స్కౌట్‌ని గెస్టపో (నాజీల రహస్య పోలీసులు) నుంచి విడిపించారు. నాలుగు రోజులకే పోయాడు, అతని సమాధి ఇక్కడే ఉంది. ఆ దాడిలో ఉన్న యాన్ రొదోవిచ్, యుద్ధమయ్యాక శిథిలాల్లోంచి స్నేహితుల శవాలు తీయించి ఇక్కడికి చేర్పించాడు. అతన్ని 1948 క్రిస్మస్ ముందురోజు కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం అరెస్టు చేసింది. రెండు వారాలకి కస్టడీలోనే చనిపోయాడు. కిటికీలోంచి దూకాడన్నారు.

“జర్మన్లతో కొట్లాడినవాళ్లని వీళ్లెందుకు పట్టుకున్నారమ్మా?” అన్నాడు మావాడు. యుద్ధంలో లండన్ నుంచి నడిచిన పోలండ్ ప్రవాస ప్రభుత్వం వైపున్న రహస్య సైన్యంలో పనిచేశారని. అంతే నేరం. ఆ వెంటనే స్కౌట్ సంఘాన్నే కమ్యూనిస్టు యువజన సంఘంలో కలిపేసి పిల్లలకి ఎర్ర స్కార్ఫులు కట్టారు. 1956లో పాత పేరు తిరిగొచ్చినా పార్టీ పట్టు పోలేదు. ప్రపంచ స్కౌట్ సంస్థలో మళ్లీ చోటు దొరికింది 1996లోనే. ఇంత కథని టూర్‌వాళ్లు మింగేస్తే ఒళ్లు మండదా?

బస చేసిన హోటల్ బాగానే ఉంది. భోజనానికి మాత్రం ‘బార్ మ్లెచ్నీ’ అనే చవక క్యాంటీన్లకే వెళ్లండి. బంగాళదుంప, పనీరులాంటి జున్ను కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి పియెరోగి ముగ్గురికీ 62 జ్లోటీలు. పైన పందికొవ్వు ముక్కలు వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. రెండో ప్లేటుకి మా ఆయన మళ్లీ మాటల్లో పడ్డారు. మ్యూజియానికి మంగళవారం సెలవు. సగం రోజైనా పెట్టుకోండి.