సిస్కో, అరిస్టా: దీర్ఘకాలిక వృద్ధికి ఏ షేరు మేలు?
నెట్‌వర్కింగ్ పరికరాల రంగంలో ఏళ్ల తరబడి అట్టిపెట్టుకోదగిన షేరు కోసం చూసేవారు ముఖ్యంగా సిస్కో, అరిస్టాల మధ్యే తేల్చుకోవలసి వస్తోంది. ఒకప్పుడు వీటి సరసన నిలిచిన జునిపర్‌ను హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ దాదాపు 1,400 కోట్ల డాలర్లకు కొని 2025 జులైలో తనలో కలుపుకొంది కాబట్టి ఆ షేరు ఇక విడిగా లేదు.

వృద్ధి వరకే చూస్తే తేడా స్పష్టం. 2019లో సుమారు 241 కోట్ల డాలర్లుగా ఉన్న అరిస్టా ఆదాయం 2024 నాటికి 700 కోట్లకు చేరగా, అదే కాలంలో సిస్కో వార్షిక ఆదాయం 5,190 కోట్ల నుంచి 5,380 కోట్ల డాలర్లకు మాత్రమే పెరిగింది. అందులోనూ, 2024 మార్చిలో సుమారు 2,800 కోట్ల డాలర్లు వెచ్చించి కొన్న స్ప్లంక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ తెచ్చిన ఆదాయం కొంత కలిసి ఉంది. అరిస్టా వేగానికి కారణం అది మొదటి నుంచీ భారీ డేటా సెంటర్లను లక్ష్యంగా పెట్టుకోవడం, కంప్యూటర్ల మధ్య డేటాను చేరవేసే తన స్విచ్‌లన్నిటినీ ఈఓఎస్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌పై నడపడం. చిప్‌లను ఎక్కువగా బ్రాడ్‌కామ్ వంటి సంస్థల నుంచి కొనుక్కొని, తన శక్తినంతా ఆ సాఫ్ట్‌వేర్‌పైనే పెట్టింది.

అయితే అరిస్టాను తూచేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది దాని ఖాతాదారుల గురించి. 2024 ఆదాయంలో దాదాపు మూడో వంతు మైక్రోసాఫ్ట్, మెటా అనే రెండు సంస్థల నుంచే వచ్చింది. కృత్రిమ మేధ కోసం అవి డేటా సెంటర్లు కడుతున్నంత కాలం ఇది వరమే. వాటిలో ఒక్కటి ఖర్చు తగ్గించుకున్నా, తన స్విచ్‌లను తానే రూపొందించుకున్నా, ఆ లోటును చిన్న ఖాతాదారులతో వెంటనే పూడ్చుకోవడం కష్టం. పైగా 2020లో మెలనాక్స్ అనే నెట్‌వర్కింగ్ సంస్థను కొన్న ఎన్విడియా, కృత్రిమ మేధకు వాడే జీపీయూ చిప్‌లతో పాటు వాటిని కలిపే స్విచ్‌లను కూడా అమ్ముతోంది. నా దృష్టిలో అరిస్టాకు సిస్కో కంటే పెద్ద ముప్పు ఇదే.

సిస్కోకు ఇలాంటి బెడద తక్కువ. కార్యాలయాలు, ప్రభుత్వాలు, టెలికం సంస్థలు అంటూ ఖాతాదారులు విస్తరించి ఉన్నారు, 2011 నుంచి డివిడెండ్ అందుతోంది, 2019లో ప్రకటించిన సొంత సిలికాన్ వన్ చిప్‌లతో భారీ డేటా సెంటర్లలోనూ పోటీకి దిగింది. కానీ ఇంత పెద్ద ఆదాయంపై రెండంకెల వృద్ధిని ఏటా నిలుపుకోగలదని నేను నమ్మను.

ఇక ధర. 2000 మార్చిలో 80 డాలర్లు దాటిన సిస్కో షేరు, కంపెనీ లాభాలు ఆ తర్వాత ఎన్నో రెట్లు పెరిగినా, ఆ స్థాయికి తిరిగి రావడానికి 2025 డిసెంబర్ వరకు, అంటే పాతికేళ్లకు పైగా పట్టింది. కంపెనీ మంచిదే, కొన్న ధరే భరించలేనిది. నేడు అరిస్టాను కొనేవారు ఈ చరిత్రను తప్పక గమనించాలి, ఎందుకంటే దాని ధరలో రాబోయే అనేక సంవత్సరాల వృద్ధి ముందే కలిసి ఉంటోంది.

పదేళ్లు ఆగగలిగి, మధ్యలో సగం విలువ పోయినా అమ్ముకోకుండా ఉండగలవారికి అరిస్టాయే మేలని నా అభిప్రాయం, అదీ ఒకేసారి కాక పడినప్పుడల్లా కొంత కొంతగా కొనే పద్ధతిలో. డివిడెండ్‌పై ఆధారపడేవారు, రాబడి నిలకడగా ఉండాలనుకునేవారు సిస్కోను ఎంచుకోవడం సబబు. అరిస్టాను కొన్నవారు మాత్రం ఆ కంపెనీ వార్షిక నివేదికలో ఆ ఇద్దరు పెద్ద ఖాతాదారుల వాటా ఎంతో ఏటా చూడాలి. మొత్తం ఆదాయం పెరుగుతూ ఆ వాటా తగ్గుతుంటే, మరికొంత కొనడానికి అంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు.