సౌత్ అమెరికా, హిస్పానిక్ అమెరికా, లాటిన్ అమెరికా: ఏ పేరు మేలు?

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వచ్చిందంటే చాలు, మెక్సికో సౌత్ అమెరికా కాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదండీ, మ్యాప్‌లో అది నార్త్ అమెరికానే. మరి మెక్సికోని, అర్జెంటీనాని కలిపి ఏమనాలి? మొన్న మా అమ్మాయి స్కూల్ చార్ట్‌కి హెడింగ్ రాయబోయి నేనూ అరగంట ఆగిపోయా.

సౌత్ అమెరికా ఉత్త మ్యాప్ మాట. ఇంగ్లీషు గయానా, డచ్ సురినామ్ అందులో ఉంటాయి, క్యూబా ఉండదు. దాన్ని వదిలేద్దాం.

హిస్పానిక్ అమెరికా అంటే లెక్క క్లియర్, స్పానిష్ దేశాలు, అంతే. కానీ బ్రెజిల్ బయటికి పోతుంది, 2022 లెక్కల్లో జనాభా 20 కోట్లు దాటిన దేశాన్ని పోర్చుగీసు మాట్లాడుతుందని తీసేస్తే ఎలా? రెండూ లాటిన్ కడుపున పుట్టిన భాషలే, రాత్రిని స్పానిష్ వాళ్ళు నోచె అంటే బ్రెజిల్ వాళ్ళు నోయిచి అంటారు. అలాగని రెండూ ఒకటే అనుకుంటే బోల్తా పడతాం, భోజనం ‘ఎస్కిసీతొ’ అంటే స్పానిష్‌లో అద్భుతంగా ఉందని, దాదాపు అదే మాట బ్రెజిల్‌లో అంటే ఏదో తేడాగా ఉందని, వండినావిడ మొహం మాడిపోద్ది. రెంటినీ కలిపే ఐబెరో-అమెరికా అనే పేరూ ఉంది గానీ అది మీటింగుల్లో వాడే మాట.

ఇక లాటిన్ అమెరికా, అంటే లాటిన్ నుంచి పుట్టిన భాషల దేశాలు. ఫ్రెంచ్ కూడా ఆ కడుపున పుట్టిందే కాబట్టి హైతీ లోపలికొస్తుంది, అక్కడి జనం ఇళ్ళలో మాట్లాడేది క్రియోల్ అయినా సరే. మన ఇన్సాట్లు ఎగిరిన కూరూ ఉండేది ఫ్రెంచ్ గయానాలో, అక్కడ చెల్లేది యూరో, దాన్ని కొందరు కలుపుతారు కొందరు తీసేస్తారు. సరే, భాషే రూల్ అయితే కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ కూడా రావాలి కదా, దాన్ని మాత్రం ఎవరూ లెక్కెయ్యరు! నాకైతే అసలు సంగతంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

మెక్సికో మీద కన్నేసిన ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మనుషులే ఈ పేరు పుట్టించారని చాలామంది చెప్తారు, కానీ అంతకుముందే 1856లో పారిస్‌లో చిలీకి చెందిన ఫ్రాన్సిస్కో బిల్బావో ప్రసంగంలో ఈ మాట వాడాడు. ఆ ఏడాదే విలియం వాకర్ అనే అమెరికావాడు కిరాయి సైన్యంతో నికరాగువాలో తిష్ట వేసి నేనే ప్రెసిడెంట్‌ని అని కూర్చున్నాడు. ఇవాళ మన పొలం, రేపు మీ పొలం అన్నట్టు ఉత్తరాది పెద్దన్నని చూసి పుట్టిన భయం అది, భాషల చుట్టరికం ఆ భయానికి పేరుగా పనికొచ్చింది. క్యుబెక్ పంచాయితీ వేరు, బ్రిటన్‌తో.

అందుకే చార్ట్ మీద లాటిన్ అమెరికా అనే రాయించా. కాకపోతే బొలీవియాలో స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలకి అధికార హోదా ఉంది, పరాగ్వేలో గ్వారానీ ఊరూరా వినపడుతుంది, వీటిలో లాటిన్ పుట్టుక ఒక్కదానికీ లేదు. పరాగ్వే పక్కన గ్వారానీ అని పెన్సిల్‌తో రాయమన్నా, మా అమ్మాయి చోటు లేదని గింజుకుంటూనే రాసింది.